కోచ్ నాన్నగారు

హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటుకి వెళ్లినా ఒక కోచ్ నాన్నగారు తగులుతారు. ఆయనకు ఒక్కడే శిష్యుడు. వయసు తొమ్మిది నెలలు, అర్హత రెండు పళ్లు.

ఆ ఇంటి హాల్లో సోఫాలు బాల్కనీలోకి పోయాయి, ఫోమ్ మ్యాట్లు పరుచుకున్నాయి. గోడ మీద పెళ్లి ఫొటో ఉండాల్సిన చోట ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన పట్టిక, లామినేషన్‌తో సహా. పిల్లలు సొంతంగా నడవడం 8 నెలలు దాటాక మొదలుకొని పదిహేడున్నర నెలల వరకు ఎప్పుడైనా జరగొచ్చని అందులో ఉంది. కోచ్‌గారి కళ్లకు 8 ఒక్కటే ఆనింది. "మనవాడు ఇప్పటికే లేటు" అని తేల్చేశారు. ఎదురు ఫ్లాటు పాప గోడ పట్టుకుని నిలబడిందని తెలిసిన రాత్రి ఆయన అన్నం కూడా సరిగా తినలేదు.

పొద్దున్నే ఆరింటికి ప్రాక్టీసు. జిమ్ బంతి మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టి, నడుం పట్టుకుని మెల్లగా ఎడమకి ఒరగనిస్తారు. వాడు ఒళ్లు కుడికి సర్దుకుని, చెయ్యి చాపి నిలదొక్కుకుంటాడు. "చూశావా! లోపలి చెవిలో మూడు అర్ధవలయాకారపు గొట్టాలుంటాయి. వాటిలో ద్రవం కదలగానే మెదడుకి కబురు వెళ్తుంది" అని పాలబ్బాయికి వివరిస్తారు. "రెండు ప్యాకెట్లేనా సార్?" అంటాడు పాలబ్బాయి.

ఆయన చెప్పేది నిజమే, ఆ ఆట మంచిదే. చిక్కల్లా మిగతా రోజంతా ఆయన వాణ్ణి పడనివ్వకపోవడం. మోకాళ్లకు ప్యాడ్లు, తలకు టోపీ, వెనక రెండు చేతులూ చాచుకుని తిరిగే తండ్రి. పడకుండా నడక వచ్చినవాడు లోకంలో లేడు. న్యూయార్క్ యూనివర్సిటీలో కారెన్ అడాల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లల ఆటను గమనించి 2012లో లెక్క చెప్పింది: గంటకు సగటున 2,368 అడుగులు, 17 సార్లు పడటం. ఇది చదివిన కోచ్‌గారు మరో రెండు మ్యాట్లు ఆర్డరు పెట్టారు. చక్రాల వాకర్ కూడా కొనబోతే డాక్టరుగారు అడ్డుపడ్డారు. దానివల్ల నడక ముందుగా రాదు సరికదా, మెట్ల మీంచి దొర్లే ప్రమాదం ఉంది. కెనడా 2004లోనే దాన్ని నిషేధించింది.

ఇంతలో తెనాలి నుంచి కోచ్‌గారి అమ్మగారు దిగారు. వస్తూనే మనవడి సాక్సులు ఊడదీశారు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముడిచి, వాణ్ణి పిక్కల మీద కూర్చోబెట్టి ఉయ్యాల ఊపారు. తర్వాత మంచం పట్టె పట్టించి నిలబెట్టి, ఆ చివర ఒక గిన్నె, గరిటె పెట్టారు. వాడు మూడడుగులు పక్కకి జరిగి దబ్బున కూలబడ్డాడు. నానమ్మ మొహంలోకి చూశాడు. ఆవిడ "అయ్యో" అనలేదు కాబట్టి ఏడవడం మానేశాడు.

కోచ్‌గారు మాత్రం వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి వాడి పక్కన చతికిలపడ్డారు. "అమ్మా, పడ్డాడే!"

"లే నాన్నా, లే."

"వాడింకా చిన్నవాడమ్మా, తనంతట తను లేవలేడు."

"వాణ్ణి కాదురా, నిన్ను. నువ్వు లేచి అవతలికి పో, వాడే లేస్తాడు."

ఆవిడకూ ఓ పట్టిక ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. అందులో నెలల లెక్క లేదు, వంటలే.

పదమూడో నెలలో పిల్లాడు నడిచాడు. అంతా తన ట్రైనింగేనని కోచ్‌గారు లిఫ్టులో అందరికీ చెప్పారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి కోచ్ ఉంటే కొనడం మాన్పించి నేల మీద పడుకోబెట్టండి. పిల్లలు ఎక్కి దిగడానికి తండ్రి పొట్టను మించిన పరికరం లేదు. గాల్లోకి ఎగరేయడం, గట్టిగా కుదపడం మాత్రం వద్దు. పద్దెనిమిది నెలలు నిండినా అడుగు పడకపోతే డాక్టరుకి చూపించండి. అందాకా పక్కింటి పాపతో పోటీ పెట్టకుండా, అరిసెలకు బియ్యం నానబోసుకోండి.