హద్దు దగ్గర చాయి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం:

బండి సిద్ధమనుచు బంధువులకు జెప్పి
కాగితములు మరచి కదలువాడు
హద్దు దాటలేక యచ్చట కూర్చుండి
చాయి తాగు నతడు చల్లగాను

టీక: బండి సిద్ధము + అనుచు = మోటారు సైకిలు సర్వసన్నద్ధమై ఉన్నదని పలుకుతూ; బంధువులకున్ + చెప్పి = చుట్టపక్కాలందరికీ చాటి; కాగితములు = పత్రములను; మరచి = బీరువాలో విడిచి; కదలువాడు = బయలుదేరు పురుషుడు; హద్దు = దేశపు పొలిమేరను; దాటలేక = దాటుటకు అశక్తుడై; అచ్చట = ఆ చోటనే; కూర్చుండి = బెంచీపై ఆసీనుడై; చాయి = తేనీటిని; తాగున్ = సేవించును; అతడు = పైన చెప్పినవాడు; చల్లగాను = ఈ పదం మీద తగవు ఉన్నది, చివర చూడగలరు.

తాత్పర్యం: బండికి చేయవలసిన అలంకారాలన్నీ చేసి, ఊరంతా చెప్పుకుని, కాగితాలు లేకుండా విదేశయాత్రకు బయలుదేరినవాడికి సరిహద్దులో టీ కొట్టే గమ్యస్థానం.

సందర్భం: హైదరాబాదు నుంచి నేపాల్‌లోని ముక్తినాథ్‌కు బండ్ల మీద వెళదామని కొందరు మిత్రులు తలపెట్టిన సమయాన పుట్టిన పద్యం ఇది. నాగపూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ దాటితే సునౌలి. అక్కడ హద్దు. ఆవల బుట్వల్, పాల్పా, పోఖరా, బేనీ, జోమ్‌సోమ్. గమ్యాన్ని ఎన్నుకోవడంలోనే నాయకుడి చాతుర్యం తెలుస్తోంది. ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటి. దారిలో ఉన్నది సాలగ్రామాలు దొరికే కాళీగండకి. బైక్ టూరు అంటే మూతి ముడిచే ఇల్లు దివ్యదేశం అనేసరికి చేగోడీలు వండి డబ్బాలో సర్దుతుంది.

ఇక విశేషార్థాలు.

“బండి సిద్ధము”: ఈ రెండు మాటల్లో కవి నాయకుడి అజ్ఞానాన్ని అంతా ఇమిడ్చాడు. సిద్ధం అంటే ఏమిటి? ఆయిలు మార్చాడు, చైను బిగించాడు, సైడు పెట్టెలు తగిలించాడు, టాంకు మీద నేపాల్ జెండా స్టిక్కరు అంటించాడు. క్లచ్ వైరు ఒకటి, ట్యూబు ఒకటి, పంచరు కిట్టు ఒకటి అదనంగా పెట్టుకుంటే మంచిదే. దారిలో మెకానిక్కులున్నారు గనుక పెట్టుకోకపోయినా యాత్ర ఆగదు. ఏ బండి కొనాలి, ఎన్ని సీసీలు ఉండాలి అన్న మీమాంసలో కొందరికి ఏళ్ళు గడిచిపోతాయి. విశాఖపట్నానికి చెందిన భరద్వాజ్ దయాల 2006, 2007 సంవత్సరాల్లో ఒంటరిగా భూమిని చుట్టి వచ్చింది మన వీధుల్లో కుర్రాళ్ళు నడిపిన కరిజ్మా మీదే. కాబట్టి బండి గురించి ఇంతకన్నా రాయడం గ్రంథవిస్తరం.

“బంధువులకు జెప్పి”: కాగితాలు తీసే ముందు బంధువులకు చెప్పడం క్రమభంగం కాదా అని శంక. కాదు. చెప్పేస్తే వెనక్కి తగ్గడం కుదరదని నాయకుడి ఎత్తుగడ. ఎత్తుగడ మంచిదే, పాచిక తప్పు.

“కాగితములు”: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. బహువచనం గమనించాలి. ఒక్క కాగితం అయితే కవి “కాగితమ్ము” అని ఉండేవాడు.

నేపాల్ వెళ్ళే భారతీయుడికి వీసా లేదు, పాస్‌పోర్టు తప్పనిసరి కాదు. ఈ మాట విని నాయకుడు ఆధార్ కార్డు జేబులో వేసుకుంటాడు. పాస్‌పోర్టు లేకపోతే ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు కావాలి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు, అరవై అయిదు దాటిన పెద్దలకు తప్ప ఆధార్ అక్కడ చెల్లదు. దేశం లోపల ప్రతి పనికీ అడిగే కార్డు దేశం అంచున అక్కరకు రాకపోవడం విరోధాభాసాలంకారం.

తర్వాత బండి కాగితాలు. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, కాలుష్య పరీక్ష పత్రం. “ఫోన్‌లో ఉన్నాయి గదా” అని పూర్వపక్షం. డిజిలాకర్‌లో ఉన్న ఆర్‌సీని మన ట్రాఫిక్ పోలీసు ఒప్పుకుంటాడు. ఆ నియమం మన ప్రభుత్వానిది, హద్దు అవతలివాడిని అది కట్టివేయదు. మూలం లేకుండా వ్యాఖ్యానం నిలవదని మా గురువుగారు అనేవారు. ఆర్‌సీకీ అంతే, మూలం చేతిలో ఉండాలి, జిరాక్సులు సంచిలో ఉండాలి. బండి బావగారి పేరున ఉంటే బావగారి అనుమతి పత్రం. అప్పు తీరకపోతే బ్యాంకువారి అభ్యంతరం లేదన్న ఉత్తరం.

ఇన్సూరెన్సు దగ్గర మరొక సూక్ష్మం. మన పాలసీ మామూలుగా భారతదేశపు ఎల్లల్లోనే పనిచేస్తుంది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్, మాల్దీవులకు వర్తించాలంటే అదనపు ప్రీమియం కట్టి భౌగోళిక పరిధి పెంచినట్టు పాలసీ మీద రాయించుకోవాలి. ఏజెంటు తనంతట తాను చెప్పడు. అడిగితే ఒక్క క్షణం ఆలోచించి “ఉంది సార్” అంటాడు.

ఇవన్నీ ఉంటే భన్సార్. అంటే నేపాల్ సుంకం కార్యాలయం. బండిని ఎన్ని రోజులు ఉంచుతారో ముందే చెప్పి రోజు లెక్కన రుసుం కట్టి చీటీ తీసుకోవాలి. ఒక రోజు ఎక్కువే కట్టమని ఈ వ్యాఖ్యాత సలహా. కొండచరియ విరిగిపడేటప్పుడు చీటీ మీది తేదీ చూసుకోదు. పోఖరా దాటి అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతంలోకి వెళ్ళడానికి వేరే అనుమతి. సార్క్ దేశాలవారికి దాని రుసుం తక్కువ.

నేపాల్, భూటాన్ గనుక ఇంతటితో పోయింది. నాయకుడికి ఆశ పుట్టి ఇరాన్ వైపో మరింత దూరమో వెళ్ళాలనుకుంటే కార్నెట్ అనే మహాగ్రంథం ఎదురవుతుంది. బండిని పరదేశంలోకి తాత్కాలికంగా తీసుకుపోతున్నాను, అమ్ముకోను, తిరిగి తెస్తాను అన్న ప్రమాణమే ఆ పుస్తకం. చెల్లుబాటు ఒక ఏడాది. ప్రతి పుటా మూడు ముక్కలు: ప్రవేశించేటప్పుడు అధికారి ఒకటి చింపుకుంటాడు, వెళ్ళేటప్పుడు రెండోది చింపుకుంటాడు, మూడోది ముద్రలతో మన దగ్గర మిగులుతుంది. గుడి ముందు చెప్పుల స్టాండు టోకెనుకూ దీనికీ తేడా ఒక్కటే; ఇక్కడ టోకెను పోతే చెప్పుల ధర మనమే కట్టాలి. బయటికి వచ్చిన ముద్ర లేకపోతే బండిని అక్కడే అమ్ముకున్నట్టు లెక్క, సుంకం కట్టమంటారు. అందుకే బండి ధరనుబట్టి, వెళ్ళే దేశాలనుబట్టి ముందుగానే పూచీ సొమ్మో, బ్యాంకు గ్యారంటీయో పుచ్చుకుంటారు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, అన్నీ అందులో నమోదు. రేడియో ఉందా అని కూడా ఒక గడి ఉంటుంది. బుల్లెట్టు యజమాని ఆ గడి దగ్గర కాసేపు విచారగ్రస్తుడవుతాడు. తెల్ల చొక్కా అధికారి చూసేది ఈ పుస్తకాన్నే. బండి బయట ఎండలో ఉంటుంది, ఎంత తుడిచినా ఆయన లేచి వచ్చి చూడడు. హద్దు దాటేది కాగితం, దాని వెంట బండి, ఆ వెనక మనిషి.

2018లో హైదరాబాదు నుంచి నలుగురు మహిళలు మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియాల మీదుగా వియత్నాం దాకా బండ్ల మీద వెళ్ళొచ్చారు. వారి దారిని అందరూ మెచ్చుకుంటారు. ఈ వ్యాఖ్యాత మాత్రం వారి ఫైలుకు నమస్కరిస్తాడు.

“నతడు”: పైన “కదలువాడు” ఉండగా మళ్ళీ “అతడు” ఎందుకు? పునరుక్తి దోషం కాదా? దోషమే. గణానికి మూడు లఘువులు కావలసివచ్చి కవి ఆయన్ను తెచ్చి కూర్చోబెట్టాడు. పాదపూరణం. ప్రతి యాత్రలోనూ ఇటువంటివాడు ఒకడుంటాడు: బండి లేదు, లైసెన్సు లేదు, వెనక సీటు ఖాళీగా ఉందని ఎక్కాడు. అతడికీ ఓటరు కార్డు కావాలి.

ఛందస్సు: ఆటవెలదిలో సూర్యగణాలు పదహారు, ఇంద్రగణాలు నాలుగు. యాత్రా కాలనిర్ణయం ఇందులో ధ్వనిస్తోంది. ఇంద్రుడు బలంగా ఉండే జూన్ నుంచి సెప్టెంబరు దాకా నేపాల్ కొండదారులు ఎప్పుడు జారతాయో తెలియదు. సూర్యుడిది పైచేయి అయిన అక్టోబరు, నవంబరు మేలు. ఇంద్రసూర్యులే గాక వాయువు కూడా ఉన్నాడు. కాళీగండకి లోయలో మధ్యాహ్నమయ్యేసరికి గాలి బండిని పక్కకు తోస్తుంది. జోమ్‌సోమ్ చేరవలసినవారు పొద్దున్నే కదలాలి. ముక్తినాథ్ సుమారు 3,700 మీటర్ల ఎత్తు. కార్బురేటర్ బండికీ, దాన్ని నడిపేవాడికీ అక్కడ ఒకేసారి ఆయాసం వస్తుంది. పోఖరా నుంచి ఒక్క రోజులో ఎక్కి దిగుదామనేవాణ్ణి బృందంలో చేర్చుకోకండి.

“చల్లగాను”: చల్లగా ఉన్నది ఎవరు, చాయా, అతడా? ఒక పూర్వ వ్యాఖ్యాత చాయే అన్నాడు, ఎదురుచూపులో చల్లారిపోయిందట. ఆయన సునౌలి వెళ్ళి ఉండడు. అక్కడి కొట్టులో టీ మరుగుతూనే ఉంటుంది, చిన్న గ్లాసు, చల్లారే వ్యవధి లేదు. వాతావరణం చల్లన అందామా, తరాయి మైదానంలో అక్టోబరు మధ్యాహ్నానికి రైడింగ్ జాకెట్టు లోపల చెమట కారుతుంది. కాబట్టి చల్లదనం అతడిదే అని సిద్ధాంతం. మిత్రుల బండ్లు హద్దు దాటి వెళ్ళిపోయాయి, అతడి ఓటరు కార్డు తీసుకుని బావమరిది సికింద్రాబాదులో గోరఖ్‌పూర్ రైలెక్కాడు. ఆ రైలు వచ్చేలోగా ఎన్ని చాయిలు పడతాయో కవి చెప్పలేదు. ఆటవెలదిలో చోటు చాలలేదని కొందరి మతం.