ఘాటు రోడ్డున రథస్తంభనము

కారు కొనని గృహస్థునకు ముక్తి లేదని ఏ ధర్మశాస్త్రమునను వ్రాసియుండలేదు. అయినను మా వీధివారందఱును అట్టి స్మృతి యేదో తమకు కంఠస్థమైనట్లే ప్రవర్తించుచుందురు. 1983వ సంవత్సరాంతమున మారుతి 800 రోడ్డెక్కిననాటినుండి మధ్యతరగతివాని మోక్షమును నాలుగు చక్రములపైకి ఎక్కినది. ఇల్లు రెండు గదులదైనను వాకిట కారుండవలెను. తన వాకిట చోటు లేనిచో ఎదుటివాని వాకిటనైనను ఉండవలెను. ఆ కారు ఏడాది పొడుగునను గుడ్డ కప్పుకొని నిద్రించి, శీతకాలమున, అదియు ఆదివారమున, వీధిలోని తక్కిన కార్లతో ఒక్కమాఱుగా మేల్కొని అరకునకు బయలుదేరును.

విశాఖపట్టణమునుండి శృంగవరపుకోట దాటి, కాశీపట్నము కడ కొండనెక్కి, అనంతగిరి కాఫీతోటల నడుమగా అరకు చేరు ఆ సుమారు 115 కిలోమీటర్ల మార్గమున, కొండచలిని అద్దములు బిగించుకొని ఏ.సీ.లో అనుభవింపబోవుచున్న మేము, గాలికొండకు ఇవతల ఒక మలుపున, ముందు బస్సును, వెనుక టెంపోయు, ప్రక్క లోయయు నుండగా, బ్రహ్మాస్త్రబద్ధుడైన హనుమంతునివలె కదల మెదలలేక నిలిచిపోతిమి. కారు యజమానియగు మా మిత్రుడు, తన నూతనవాహనము ఎన్ని సెకనులలో నూఱు కిలోమీటర్ల వేగము నందుకొనునో సోదాహరణముగా వివరించుచుండగా, నెత్తిన చీపురుకట్టల మోపుతో ఒక గిరిజన వృద్ధురాలు మమ్ము దాటబోవుచు ఆగి, కిటికీలోనికి తొంగిచూచి, “ఏటి బాబూ, బండి సెడిపోనాదా?” అని జాలిగా అడిగినది.

“లేదమ్మా, బాగానే ఉంది” అంటిని.

“మరైతే దిగి నడిసెల్లిపోండి” అని చెప్పి ఆమె మలుపు తిరిగినది. మా మిత్రుడు వేగప్రసంగమును అంతటితో చాలించెను.

ఆమె ఉచితముగా ఇచ్చిన ఈ సలహానే నేడు మహానగరముల పాలకులు కమిటీలు వేసి, కోట్లు వెచ్చించి ప్రజలకు చెప్పుచున్నారు. లండను 2003 నుండి నగరమధ్యమునకు కారులో వచ్చువానికడ సుంకము పుచ్చుకొనుచున్నది. పారిసు పౌరులు 2024లో ఓటు వేసి, పైయూళ్లనుండి వచ్చు స్థూలకాయపు కార్లకు పార్కింగు రుసుమును మూడింతలు చేసిరి. సింగపూరులో 1990 నుండి, కారును పదేండ్లు ఉంచుకొను హక్కునే ముందు వేలములో పాడుకొనవలెను, ఆ కాగితము కారుకంటె ప్రియమగుటయు కద్దు. జపానులోనైతే, నగరవాసి కారు కొనుటకు ముందు, దానిని నిలుపుటకు తనకు చోటున్నదని పోలీసులకు రుజువు చూపవలెను. ఈ నిబంధన మా వీధికి వచ్చెనేని మిగులునవి రెండు సైకిళ్లును, ఒక ఆబోతును. ఆ జపానువారికి ఇనుపరాయి పంపుటకే కదా, 1960లలో కొత్తవలసనుండి కిరండూలు వఱకు ఈ కొండలను తొలిచి రైలుమార్గము వేసినది! బైలదిలా యినుము మన కొండలమీదుగా పోయి అక్కడ కార్లైయుండునేమో. వివేకము మాత్రము తిరుగుటపాలో రాలేదు.

అయితే నడకను గూర్చిన ఈ స్తోత్రమును కొండమీద చదువుటకు ముందు కొంచెము సిగ్గుపడవలసియున్నది. సంతనాడు పాడేరు త్రోవలో జీపును చూడుడు: లోపల పట్టినంతమంది, పట్టనంతమంది, పైకప్పుమీద పసుపు బస్తాలు, వానిమీద మనుష్యులు, వారి ఒడిలో కోళ్లు, వెనుక వ్రేలాడు కుఱ్ఱవాండ్రు, సగము దేహము బయటనుంచి బండి నడపు డ్రైవరు. మఱొకడు చేయెత్తగా ఆ జీపు ఆగును, చోటును దొరకును. ఆ జీపైనను పోని గూడెములు ఇంకను కలవు. అచ్చట నొప్పులు పడుచున్న స్త్రీని, కఱ్ఱకు గుడ్డ కట్టిన డోలీలో పరుండబెట్టి, ఇద్దరు భుజములపై మోసికొని, వాగులు దాటి, 108 వాహనము నిలిచియున్న చోటికి దింపుదురు. రోడ్డుతో ఈ మన్యమువారి సంబంధమే విచిత్రము. గూడెమను పేరుగల ప్రాంతపు డిప్యూటీ తహసీల్దారు బాస్టియను వీరిచేత చాలీచాలని కూలికి ఘాటు రోడ్డు వేయించుట 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటునకు కారణములలో ఒకటి. నూఱేండ్లు గడచినపిదప వారి మనుమల మనుమలు, తమ గూడెమునకు రోడ్డు వేయుడని దరఖాస్తులు పెట్టుకొనుచున్నారు. కావున కార్లను తగ్గింపవలెనను ప్రపంచనీతి ముందుగా మా వీధిలో అమలు కావలెను, రోడ్డు ముందుగా గూడెమునకు పోవలెను. ఈ క్రమమును తలక్రిందులు చేయు ప్రణాళిక దేనికిని నేనొప్పను.

అరకు చూడగోరు పాఠకులకు ఒక విన్నపము. విశాఖలో ఉదయమే కిరండూలు ప్యాసింజరు బయలుదేరును. దానికి 2017 నుండి అద్దాల పెట్టెయు తగిలించినారు. సొరంగము వెంట సొరంగము దూరి, బొర్రా దాటి, సముద్రమట్టమునకు వెయ్యి మీటర్లకు రవంత తక్కువ ఎత్తుననున్న శిమిలిగూడ మీదుగా అది మిమ్ము అరకు చేర్చును. టిక్కెట్టు మాత్రము ముందుగనే కొనుడు. శీతకాలపు ఆదివారమున అందును చోటు దొరకదు.