శిథిలమైతే సముద్రం అవతలే ఉండాలి!

కాచిగూడ స్టేషన్ దగ్గర మొదలుపెట్టి తార్నాక చౌరస్తా దాకా ఏ అపార్టుమెంటు తలుపు తట్టినా, డాలస్‌లో ఒక కొడుకో న్యూజెర్సీలో ఒక కూతురో తేలతారు. వాళ్లకు నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, కాంకూన్ పోతారు. అమెరికా వీసా చేతిలో ఉన్న మనవాణ్ని మెక్సికో వేరే వీసా అడగదు. ఇక పోకపోతేనే పాపం! రెండు రోజులు బీచి, మూడోనాడు చిచెన్ ఇట్జా. ఆ రాత్రికల్లా తార్నాక వాట్సాప్‌లో మాయన్ల పిరమిడ్ ముందు నల్ల కళ్లద్దాలతో కుటుంబమంతా బారులు తీరుతుంది. "వెయ్యేళ్ల నాటిదట వదినగారూ!" అంటూ ఇక్కడి అమ్మమ్మ ఆ ఫొటోను పై ఫ్లాటుకూ కింది ఫ్లాటుకూ పంచిపెడుతుంది.

ఫొటో మీద నాకు కోపం లేదు. అది చూడాల్సిన చోటే. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన వేదికతో కలిపి 365. పంచాంగాన్నే రాతితో కట్టుకున్న జనం వాళ్లు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో పొద్దువాలుతుంటే మెట్ల అంచు మీద నీడ పాములా కిందికి పాకుతుంది. నా కోపమల్లా ఆ ఫొటో కింద మన పెద్దమనుషులు రాసే మాట మీద: "మనవాళ్లకి చరిత్ర స్పృహ ఏదండీ?"

ఆ మాట రాసిన ఒక పెద్దాయన్ని, "సరే, ఆదివారం కొండాపూర్ పోదాం రండి" అన్నాను. "చదరపు అడుగు ఎంత చెబుతున్నారక్కడ?" అని అడిగాడు.

ఆయనకు తెలిసిన కొండాపూర్ హైటెక్ సిటీ పక్కనున్నది. నేనన్నది సంగారెడ్డి జిల్లాది, శాతవాహనుల నాటి ఊరు. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ, గులాం యజ్దానీ ఆధ్వర్యంలో, అక్కడి దిబ్బను తవ్వింది. నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు, చివరికి రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడా బయటపడ్డాయి. మాయన్ల పిరమిడ్ లేచేనాటికి ఈ ఊరు అప్పటికే దిబ్బ అయిపోయి ఉంటుంది. ఇదంతా చెప్పి ఊపిరి పీల్చుకునేలోపే పెద్దాయన, "అబ్బో, సంగారెడ్డి దాటాలా? పటాన్‌చెరు ట్రాఫిక్కు!" అనేశాడు. కాంకూన్ నుంచి చిచెన్ ఇట్జా దాదాపు 200 కిలోమీటర్లు. అది మాత్రం దూరం కాదు, ఎక్స్‌కర్షన్!

పోనీ పామే కావాలా? పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం పలక మీద ముచిలింద నాగు ఉంది. మెక్సికో నీడపాము ఏడాదికి రెండు విడతలే దిగుతుంది, ఇది రెండు వేల ఏళ్లుగా పడగ దించలేదు. డాలర్లలో టికెట్టు కొట్టకపోవడమే దాని నేరం.

ఊరు దాటడం కుదరదంటారా, ఉస్మానియా గేటు లోపలికే రండి. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు చేతులూపుకుంటూ నడిచేవాళ్లకు ఆ భవనం 1939లో ప్రారంభమైందని తెలియకపోయినా అడుగుల లెక్క ఫోనులో కచ్చితంగా తెలుస్తుంది. ఆ నేలలో కొంత ఒకప్పుడు మహ్ లకా బాయి చందా జాగీరు. నర్తకి, కవయిత్రి, ఆసఫ్ జాహీల దర్బారులో మాట చెల్లిన మనిషి. ఆమె పేరు మీదున్న మెట్లబావి ఈ ఆవరణలోనే ఉంది. ఏళ్ల తరబడి మనం దాన్ని చెత్తతో సత్కరించాం. ఎవరో పూనుకుని బాగుచేయించాక గానీ, అక్కడ బావి ఉందని పక్క కాలనీకి తెలియలేదు.

చిచెన్ ఇట్జాలో పిరమిడ్ ఎక్కడాన్ని 2006లోనే మాన్పించేశారు. 2022 నవంబరులో ఒకావిడ కట్టు దాటి ఎక్కితే, దిగేసరికి కింద జనమే నీళ్లు కుమ్మరించి తిట్టిపోశారు. మన గోల్కొండ గోడ మీద మేకుతో ప్రేమశాసనం చెక్కేవాడికి ఆ బెంగ లేదు. చుట్టూ చేరినవాళ్లు స్పెల్లింగ్ సరిచేసి పోతారు.

మాయన్లకు చేతకానిది మనం ఇంకొకటి చేశాం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను విప్పి నాగార్జునకొండ మీదా అనుపులోనూ మళ్లీ పేర్చి, మిగతాదాన్ని నాగార్జునసాగర్‌లో ముంచాం. డ్యామును తిట్టను, హైదరాబాదు గొంతు తడుపుతున్న కృష్ణా నీళ్లు అక్కడివే. కానీ కొండకు లాంచీలో పోతూ "వ్యూ అదిరింది" అని సెల్ఫీ తీసుకునేవాడు, తన కాళ్ల కింద ఒక రాజధాని ఉందా అని ఒక్కసారైనా అడగడే!

వాట్సాప్ చరిత్రకారులైతే ఇంకో ఆకు ఎక్కువే చదివారు. ఆ పిరమిడ్లు కట్టింది మన మయుడేనట. కట్టినవాళ్ల వారసులు ఇవాళ్టికీ యుకటాన్‌లో మాయా భాష మాట్లాడుకుంటూ, మనవాడికి టోపీలు అమ్ముతున్నారు. వాళ్లనే అడగొచ్చు కదా! సొంత కొండాపూర్‌కు దారి తెలియదు గానీ, మెక్సికోకు మాత్రం పట్టాదారులమైపోయాం.

గ్వాటెమాలాలో మాయన్లదే అయిన టికాల్ నగరపు చెరువుల అడుగుమట్టిని పరీక్షించి, అందులో పాదరసం, విషపు నాచు ఆనవాళ్లు ఉన్నాయని 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. తొమ్మిదో శతాబ్దంలో జనం ఆ ఊరు విడిచిపోవడానికి కరువుతోపాటు ఇదీ ఒక కారణం కావచ్చన్నారు. అది చదివి "పాపం, తెలియని కాలం" అని జాలిపడిన తార్నాక మేధావి, కాచిగూడకు కూతవేటు దూరంలో పారే మూసీ దాటేటప్పుడు కారు అద్దాలు ఎత్తుకుంటాడు.

డాలస్ బాబులూ, న్యూజెర్సీ తల్లులూ, ఈసారి ఇంటికొచ్చినప్పుడు బంగారం కొట్టుకూ బిర్యానీకీ మధ్య ఒక పూట మిగుల్చుకోండి. తార్నాక పెద్దల్ని కూడా బండెక్కించండి. కొండాపూర్ మ్యూజియానికి శుక్రవారం ఒక్కరోజే సెలవు.