ఏడో నంబరుకి పదవీ విరమణ

భారత క్రికెట్ బోర్డు వారు 2023 డిసెంబరులో ఏడు అనే అంకెకి పదవీ విరమణ ఇప్పించారు. ధోని వీపు మీద మెరిసిన అంకె కాబట్టి ఇకమీదట భారత జట్టులో ఇంకెవరి వీపూ ఎక్కకూడదట. అంతకు ఆరేళ్ల కిందట సచిన్ వేసుకున్న పదిని కూడా ఇలాగే ఇంటికి పంపారు. పది విషయంలో కనీసం వరస తప్పలేదు. ముందు సచిన్ ఆట మానాడు, తర్వాత అంకె మానింది. ఏడు దగ్గర కథ తిరగబడింది. భారత జట్టు నుంచి 2020 ఆగస్టు 15న తప్పుకున్న ధోని, చెన్నై తరఫున 2024లోనూ 2025లోనూ అదే ఏడు తగిలించుకుని వికెట్ల వెనక గుంజీలు తీస్తూనే ఉన్నాడు. మోకాలికి ఆపరేషన్ అయిన మనిషి డ్యూటీలో ఉంటే, మోకాలే లేని అంకె విశ్రాంతి తీసుకుంటోంది.

మా చోడవరం వైపు ఈ ఉత్తర్వు ఇంకా అందినట్టు లేదు. సంక్రాంతి వస్తే మా చుట్టుపక్కల ఊళ్లలో టెన్నిస్ బంతి టోర్నమెంట్లు మొదలవుతాయి. చెరకు నరికేసిన భూమి చదును చేసి పిచ్ వేస్తారు, మైకు కడతారు, జట్టుకో రంగు చొక్కాలు అచ్చు వేయిస్తారు. అచ్చు వేసేవాడు పేర్లు అడగడానికి ముందే "ఏడులు ఎన్ని బాబూ?" అంటాడు. నలుగురు ఏడులు, ముగ్గురు పద్దెనిమిదులు, ఇద్దరు నలభై అయిదులు. మిగిలిన ఇద్దరూ డబ్బులు ఆలస్యంగా ఇచ్చినవాళ్లు, వాళ్లకి ఏది మిగిలితే అది. మైకులో "ఏడో నంబరు ఆటగాడు అవుట్" అని వినపడగానే గట్టు మీద నుంచి "ఏ ఏడేటి?" అని కేకలు. ఇంత గందరగోళంలోనూ స్కోరు మాత్రం తప్పదు. స్కోరు రాసేవాడికి నంబర్లతో పనిలేదు, ఎవడు ఎవడి కొడుకో తెలుసు.

ఏడు మీద తమకి కొంచెం హక్కు ఉందని కూడా మావాళ్ల నమ్మకం. అదేమీ గాలి మాట కాదు. 2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో పాకిస్తాన్ మీద వన్డే. మూడో స్థానంలో గంగూలీ ఒక జులపాల జుట్టు కుర్రాణ్ని పంపాడు. రాంచీ కుర్రాడట, కీపరట, అంతకు మించి గేలరీలో ఎక్కువమందికి తెలియదు. అప్పటికి అతను ఆడిన నాలుగు వన్డేల స్కోర్లు సున్నా, పన్నెండు, ఏడు, మూడు. ఆ సున్నా కూడా చిట్టగాంగ్‌లో తొలి మ్యాచ్ తొలి బంతికి రనౌట్. ఆ రోజు విశాఖలో అతను 123 బంతుల్లో 148 కొట్టాడు. పదిహేను ఫోర్లు, నాలుగు సిక్సర్లు. భారత్ 356 చేసి 58 పరుగులతో గెలిచింది.

(విశాఖ మాది అనడానికి ఇప్పుడు వీల్లేదనుకోండి. 2022 ఏప్రిల్ 4న మమ్మల్ని అనకాపల్లి జిల్లాలో వేశారు. అంతకు ముందే, 2019లో, రవాణా శాఖ వారు మా బళ్ల మీది ఏపీ 31ని పక్కన పెట్టి రాష్ట్రమంతటికీ ఏపీ 39 తగిలించారు. తరాల నుంచి తోలిన నంబరు రిటైరైతే చోడవరంలో ఒక్కడి కంట నీరు రాలేదు, ఒక్కడూ ధర్నాకి కూర్చోలేదు. పక్క జిల్లా బండి ఏదో తెలియకుండా పోయిందని ట్రాఫిక్ కానిస్టేబుళ్లు బాధపడి ఉంటారు.)

ఇప్పుడు లెక్క అడుగుతాను. ఆ ఉదయం విశాఖలో టాస్ వేసేటప్పటికి ఏడు విలువ ఎంత? ఇరవై రెండు పరుగులు. సాయంత్రానికి విలువ పెరిగింది. పెంచింది అంకె కాదు, కుర్రాడు. అతను ఏడు ఎంచుకోవడానికి కారణం కూడా మహా మంత్రమేమీ కాదు, ఏడో నెల ఏడో తారీఖున పుట్టాడు. అంతకు ముందెప్పుడో ఓ మహానుభావుడి పేరు చెప్పి బోర్డు ఏడుకి తాళం వేసి ఉంటే, ఆ రాంచీ కుర్రాడు ఇంకో అంకె వేసుకుని అవే 148 కొట్టేవాడు. అప్పుడు మా సంక్రాంతి జట్లలో నలుగురు ఇరవై ఏడులు ఉండేవారు.

ఈ ఆచారం మనది కాదు. అమెరికా బేస్‌బాల్‌లో ఎప్పటినుంచో ఉంది. న్యూయార్క్ యాంకీస్ జట్టు 1929లో చొక్కాలకి నంబర్లు వేసినప్పుడు అవి ఒట్టి బ్యాటింగ్ వరస. మూడో వాడు బేబ్ రూత్, నాలుగో వాడు లూ గెరిగ్. ఆ గెరిగ్‌కి నరాల జబ్బు వచ్చింది. ముప్పై ఆరేళ్ల వయసులో, 1939 జూలై 4న, నిండిన మైదానంలో మైకు ముందు నిలబడి ఆటకి సెలవు చెప్పాడు. అతని నాలుగుని ఇంకెవరికీ ఇవ్వలేదు. బేస్‌బాల్ పెద్ద లీగులో తొలి నంబరు విరమణ అదే. రెండేళ్లు తిరక్కుండా మనిషి పోయాడు. దీన్ని వెక్కిరించేంత కఠినుణ్ని కాను. చావు దగ్గరపడ్డ మిత్రుడి చొక్కాని మడిచి దాచుకోవడం మనుషులు చేసే పని.

తర్వాతే పిచ్చి ముదిరింది. యాంకీస్‌లో ఇవాళ ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్క అంకె ఖాళీ లేదు. ఎనిమిదినైతే ఒకేసారి ఇద్దరి పేరు మీద దాచేశారు. ఆఖరుకి మిగిలిన రెండుని 2017లో జీటర్ అనే ఆటగాడు తీసుకుపోయాడు. ఆ జట్టులో కొత్తగా చేరినవాడికి ఎక్కాల పుస్తకం పదకొండు నుంచి మొదలవుతుంది. పిచర్ ఒకాయన 2019లో సున్నా వేసుకుని దిగాడు. ఇంకెవరైనా సున్నాతో గొప్పగా ఆడారంటే దాన్నీ తీసేస్తారు. సున్నా కనిపెట్టిన దేశంగా మనమే కేసు వేయాలి.

మన బోర్డు కూడా ఆ దారిలోనే చకచకా నడుస్తోంది. అంతర్జాతీయ నిబంధన ప్రకారం వాడుకోదగ్గవి ఒకటి నుంచి నూరు. అందులో అరవై దాకా ఇప్పటి ఆటగాళ్లకీ, వరసలో ఉన్నవాళ్లకీ కేటాయించి ఉన్నాయనీ, కొత్తవాడు వస్తే ముప్పై చిల్లరలోంచి ఏరుకోవాలనీ బోర్డు అధికారి ఒకరు 2023లో పత్రికకి చెప్పారు. శుభ్‌మన్ గిల్‌కి అండర్ 19 రోజుల్లో ఏడు మీద మనసైంది. దొరకలేదు. రెండు ఏడులు వేసుకున్నాడు. ఒక ఏడు ఇవ్వని లోకానికి రెండు ఏడులతో జవాబు చెప్పిన ఆ కుర్రాడు ఇవాళ టెస్టు కెప్టెన్. రేపు అతను గొప్పవాడైతే 77కీ తాళం పడుతుంది. తర్వాత వచ్చేవాడికి మూడు ఏడులు కావాలి, నిబంధన నూరు దగ్గర ఆగిపోయింది.

శార్దూల్ ఠాకూర్ కథ ఇంకా బాగుంటుంది. 2017 ఆగస్టు 31న కొలంబోలో తొలి వన్డేకి పది వేసుకొచ్చాడు. పుట్టిన తేదీ అంకెలు కూడితే అదే వచ్చిందట, సంఖ్యాశాస్త్రం. సచిన్ అభిమానులు అతని బౌలింగ్ చూడలేదు, వీపు చూశారు. దేశం మీద దండెత్తి వచ్చినవాడిని తిట్టినట్టు తిట్టారు. పాపం 54కి మారాడు. ఆ నవంబరులోనే పది మూలన పడింది. మొన్న 2025లో కోహ్లి టెస్టులు వదిలిన కొన్ని వారాలకే ఇంగ్లండ్‌లో ఇండియా ఏ తరఫున ముకేశ్ కుమార్ పద్దెనిమిది వేసుకుంటే మళ్లీ అదే గోల. ఆ మ్యాచ్‌లో అతను వికెట్లు తీశాడా లేదా అని అడిగినవాడు లేడు.

ఇంత భక్తి ఉన్నవాళ్లకి ఒక చిక్కు ప్రశ్న. 2019 ఆగస్టు దాకా టెస్టుల తెల్ల చొక్కాకి నంబరే లేదు. 2001లో కోల్‌కతాలో 281 కొట్టిన మన లక్ష్మణ్ వీపు ఆ రోజు ఖాళీ. 1932లో లార్డ్స్‌లో భారత్‌కి తొలి టెస్టు కెప్టెన్‌గా దిగిన మన తెలుగువారి బిడ్డ సి.కె. నాయుడు వీపూ ఖాళీయే. వీళ్లకి ఏం రిటైర్ చేస్తారు? తెలుపు రంగునా?

అభిమానుల వాదం నేను వినలేదనుకోకండి. "ఆ నంబరు బరువు కొత్త కుర్రాడు మొయ్యలేడండీ" అంటారు. మా ఉత్తరాంధ్రలో ఈ మాట అనకూడదు. పద్యనాటకం చూసిన ప్రాంతం మాది. ఈలపాట రఘురామయ్య కృష్ణుడు వేశాడు. ఆయన తర్వాత ఆ కిరీటం భద్రంగా పెట్టెలో పెట్టి ఉంటే పీసపాటి నరసింహమూర్తి రాయబారం పద్యానికి వన్స్‌మోర్ కొట్టే భాగ్యం మా తాతలకి ఉండేది కాదు. షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడు ఉండేవాడు కాదు. సినిమాలో రామారావు గారు వేషం కట్టాక ఇంకెవరూ కట్టలేరన్నారు. నిజమే, ఆయనలా కట్టలేదు. అయినా నేటికీ మా ఊళ్ల తీర్థాల్లో తెల్లవార్లూ కృష్ణుడు స్టేజీ ఎక్కుతూనే ఉంటాడు. ఒక్కోసారి శ్రుతి తప్పుతాడు. గట్టు మీద ముసలాళ్లు "పీసపాటి అయితేనా..." అని మొదలుపెడతారు. పీసపాటి పేరు ఈనాటికీ వినపడుతోందంటే ఆ శ్రుతి తప్పినవాడి పుణ్యమే. పోల్చడానికి ఒకడు ఎదురుగా నిలబడాలి కదా.

అర్జెంటీనా వాళ్లు మనకంటే ముదురు భక్తులు. 2002 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకి మారడోనా గౌరవార్థం పది లేకుండా జట్టు జాబితా పంపారు. ఒకటి నుంచి ఇరవై మూడు దాకా వరసగా ఉండాలి, బేరాల్లేవు అంది ఫిఫా. ఓర్టెగా పది వేసుకున్నాడు. జట్టు తొలి దశలోనే ఇంటికొచ్చింది. మారడోనా నంబరు ముట్టుకున్న పాపమేనని గొణిగినవాళ్లు అప్పుడు ఉండే ఉంటారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2022లో ఖతార్‌లో, అదే పది వేసుకుని మెస్సీ కప్పు ఎత్తాడు. ఫిఫా గుమాస్తా ఎవడో నిబంధనల పుస్తకం తిరగేయబట్టి ఆ దేశానికి ఆ బొమ్మ దక్కింది. మన దేశంలో గుమాస్తాలు ఇలాంటి మేలు చెయ్యరు, వాళ్లూ అభిమానులే.

అసలు రహస్యం ఇంకోటుంది. నంబరు రిటైర్ చెయ్యడానికి బోర్డుకి పైసా ఖర్చు లేదు. లోకంలో అందరికంటే ధనవంతమైన క్రికెట్ బోర్డు, తన ఇద్దరు గొప్ప ఆటగాళ్లకి ఇచ్చిన గౌరవం రెండు చొక్కాలు కుట్టకపోవడం. అదైనా నిఖార్సుగా ఉందా అంటే, స్టేడియం గేటు బయట ఏడు వేసిన నీలం చొక్కాలు గుట్టలు పోసి అమ్ముతుంటారు. గేలరీలో వేల ఏడులు కూర్చోవచ్చు. ఆడగలిగినవాడు మాత్రం వేసుకోకూడదు!

గౌరవం చెయ్యడం రానివాళ్లమేం కాదు. సి.కె. నాయుడు పేరు మీద కుర్రాళ్ల టోర్నీ పెట్టారు, ఏటేటా కుర్రాళ్లు ఆయన పేరున్న ట్రోఫీ కోసం చెమటోడుస్తున్నారు. 2025 అక్టోబరులో విశాఖ స్టేడియంలో ఒక స్టాండుకి మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకి క్రికెటర్ రావి కల్పన పేరు పెట్టారు. ఆ స్టాండులో జనం కూర్చుంటారు, ఆ గేటులోంచి ఆడపిల్లలు లోపలికి వెళ్తారు. ఇవి వాడుకునే గౌరవాలు. స్టాండు పేర్లలోనూ తగవులు లేకపోలేదు, హైదరాబాద్ ఉప్పల్ స్టాండు మీద ఎవరి పేరుండాలన్న గొడవ హైకోర్టు గడప దాకా వెళ్లింది. అయినా స్టాండు స్టాండే, వాన వస్తే తలదాచుకోవచ్చు. రిటైరైన ఏడు కింద ఎవరు నిలబడతారు?

ఒక్క మినహాయింపు ఒప్పుకుంటాను. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్‌సన్ అనే నల్లజాతి ఆటగాడు, తన జాతిని అన్నేళ్లుగా గుమ్మం బయటే నిలబెట్టిన బేస్‌బాల్ పెద్ద లీగులోకి 42 వేసుకుని దిగాడు. యాభై ఏళ్ల తర్వాత, 1997లో, ఆ నంబరుని ఒక జట్టు కాదు, లీగులోని జట్లన్నీ కలిసి విరమింపజేశాయి. అది బ్యాటింగ్ సగటు చూసి ఇచ్చింది కాదు, తలుపు తెరిచినందుకు ఇచ్చింది. పైగా వాళ్లు 42ని పెట్టెలో పెట్టి ఊరుకోలేదు. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15న ప్రతి జట్టులో ప్రతివాడూ 42 వేసుకునే ఆడతాడు. మైదానమంతా ఒకే నంబరు. మా చోడవరం టోర్నమెంటు లాగ.

కాబట్టి బోర్డు పెద్దలకి మనవి. ధోని మీద మీకున్న గౌరవాన్ని నేను శంకించను, విశాఖ గేలరీలో ఆ 148 చూసినవాళ్ల ముందు మీ గౌరవం ఎంతో మాత్రం అడగకండి. తాళం తియ్యండి. ఈసారి తొలి వన్డేకి ఎంపికైన కుర్రాడు ఏ ఊరివాడైనా సరే, ఏడు కావాలంటే ఇవ్వండి, పది కావాలంటే ఇవ్వండి. తొలి బంతికే రనౌటై వచ్చినా వెనక్కి లాక్కోకండి. ఇంకో నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వండి.