చుక్క పెట్టండి... చుక్కలు చూడండి!

మా బాబాయి మిరప చేలో నిలబడి ఉన్నాడు. కాళ్లకు బురద, భుజాన కండువా. పక్కన పంట నమోదుకు వచ్చిన వ్యవసాయ సహాయకుడు. పాతికేళ్ల కుర్రాడు. చెయ్యి పైకెత్తి, దేవుడికి హారతి ఇస్తున్నట్టు ఫోనును ఆకాశానికి చూపిస్తున్నాడు. రెండు నిమిషాల తర్వాత ఫోను తీర్పు చెప్పింది. "మీరు ఈ పొలం హద్దుల్లో లేరు. 23 మీటర్ల దూరంలో ఉన్నారు."

బాబాయి కిందికి చూసుకున్నాడు. కాళ్లున్నాయి. కాళ్ల కింద చేనుంది. చేలో మిరప ఉంది.

"ఏంది బాబూ, మా నాయన కాలం నుంచి ఇక్కడే దున్నుకుంటన్నాం. మేం పొలంలో లేమా?"

"మీరు పొలంలోనే ఉన్నారు బాబాయ్. యాప్‌లో లేరు."

అదీ సంగతి. మనిషి ఎక్కడున్నాడో ఎవడిక్కావాలి? మ్యాపులో చుక్క ఎక్కడ పడింది? అది చెప్పండి చాలు.

చుక్కలంటే మన సర్కార్లకు ఎంత ప్రేమో మీకు తెలియంది కాదు. పేదవాడు ఇల్లు కట్టుకుంటే పునాదికో చుక్క, గోడలకో చుక్క, కప్పుకో చుక్క. మరుగుదొడ్డికి చుక్క. మొక్క నాటితే చుక్క. ఉపాధి కూలీ పలుగు పడితే పూటకో చుక్క. పంట వేస్తే చుక్క. జనగణనలో ఇంటింటికీ చుక్క. 2011 తర్వాత ఏళ్ల తరబడి జనాన్ని లెక్కపెట్టడం మరిచిన దొరలు, చుక్కల్ని మాత్రం మరవలేదు. పిల్లకు దిష్టి చుక్క పెట్టినా ఇంత శ్రద్ధగా పెట్టరు. తల్లికి కనీసం బుగ్గ ఎక్కడుందో తెలుసు.

వీళ్లకు తెలుసా? చూద్దాం.

పైన కప్పు లేకుండా, పక్కన చెట్టూ గోడా అడ్డం లేకుండా ఉంటే, మామూలు ఫోను అయిదు మీటర్లు అటూ ఇటూగా చోటు చెబుతుంది. ఇందులో ఫోను తప్పేం లేదు. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల మాట వినిపించుకుని, చౌక రకం ఫోను ఆ మాత్రం చెప్పడమే గొప్ప. వేపచెట్టు కిందికి వెళ్లారా, ఇక చుక్కేసుకున్నవాడిలా ఊగుతుంది ఆ చుక్క. కాసేపు గట్టు మీద, కాసేపు కాలవలో. ఆ ఊగుడును పట్టుకుని, ఇదే హద్దు అని సంతకం పెట్టేవాడున్నాడు చూశారూ, వాడితోనే మన పేచీ.

లెక్క వేయండి. అయిదు మీటర్ల వ్యాసార్ధంతో సున్నా చుడితే 78 చదరపు మీటర్ల పైమాట. రెండు సెంట్లకు కాస్త తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో మొన్నటి సర్కారు పల్లెల్లో పేదలకు ఇచ్చిన ఇంటి స్థలం ఎంత? సెంటున్నర. అంటే అరవై చదరపు మీటర్లు. ఇంటికంటే ఇంటి మీద అనుమానమే పెద్దది! ఇల్లు వెతకడానికి పంపిన చుక్క ఇంట్లో పట్టక వీధిలో నిలబడింది. ఊళ్లల్లో అరసెంటు గట్టు కోసం తలలు పగులుతాయి, తరాల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతారు. యాప్ మాత్రం రెండు సెంట్లను "పరవాలేదు" అని పచ్చరంగు టిక్కు కొడుతుంది.

ఇక తెర మీద అంకెల దర్పం చూడాలి. దశాంశ బిందువు తర్వాత ఎనిమిది అంకెలు! ఎనిమిదో అంకె అంటే సుమారు ఒక మిల్లీమీటరు. చేలో చీమ ఎక్కడుందో మిల్లీమీటర్లలో చెబుతారట. రైతు ఎవరి చేలో ఉన్నాడో మాత్రం తెలియదట.

ఆ అంకెలు తారుమారైతే? గుంటూరు సుమారు 16 డిగ్రీల అక్షాంశం, 80 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. ఎవడో ఆ రెండు గడులూ అటుదిటు చేశాడనుకోండి. గుంటూరు మిర్చి వెళ్లి స్వాల్‌బార్డ్‌కు ఉత్తరాన మంచు సముద్రంలో పడుతుంది. ధ్రువపు ఎలుగుబంట్లకు పచ్చడి. అసలు సిగ్నలే అందక రెండు గడుల్లోనూ సున్నాలు పడ్డాయా? అప్పుడు పొలం ఆఫ్రికా పక్కన గినీ అఖాతంలో తేలుతుంది. ప్రపంచంలోని మ్యాపుల తప్పులన్నీ అక్కడికే కొట్టుకొస్తాయని, లేని దీవికి నల్ ఐలాండ్ అని పేరు పెట్టుకున్నారు ఆ వృత్తిలోవాళ్లు. నిజానికి అక్కడున్నది సముద్రం మాత్రమే. అందులో ఎన్ని దేశాల పొలాలో! అక్కడొక రైతు సేవా కేంద్రం పెడితే బాగుంటుంది.

చుక్క కథ ఇది. గీత కథ ఇంకా ఘోరం.

పొలం బొమ్మ గీయాలంటే రెండు దారులు. ఒకటి, తెర మీద వేలితో మూలమూలా నొక్కడం. రెండు, పొలం చుట్టూ నడుస్తూ మూలమూలా చుక్క పెట్టడం. కొన్నిటిలో నడుస్తుంటే చుక్కలు వాటంతటవే పడతాయి. వినడానికి ఎంత సుఖం! నడిచి చూడండి. మధ్యలో కుక్క వెంటపడి నాలుగడుగులు పక్కకు పరిగెత్తారా, మీ పొలానికి తోక మొలుస్తుంది. మూలల్ని వరుస తప్పి నొక్కారా, గీతలు ఒకదాన్నొకటి కోసుకుని పొలం డమరుకం అవుతుంది. డమరుకానికి విస్తీర్ణం ఎంత? యాప్ ఏదో ఒకటి చెబుతుంది. దానికి సిగ్గెక్కడిది?

పోనీ, తప్పు దిద్దుకుందామా? రెండో చుక్క పక్కకు పడిందని పన్నెండో చుక్క దగ్గర తెలిసింది. వేలితో పట్టుకుని జరిపితే పోయేదే కదా! కొన్ని యాపుల్లో ఆ వీలుంది. నేను చూసినదాంట్లో లేదు. ఉన్నది ఒకటే బాణం గుర్తు. చివరి చుక్క చెరుపుతుంది. మళ్లీ నొక్కితే ఆ ముందుది. రెండో చుక్క దిద్దాలంటే పదకొండు చుక్కలు చెరుపుకుంటూ వెనక్కి పోయి, మళ్లీ ఎండలో పొలం చుట్టూ ప్రదక్షిణం. కాలు తడబడితే మొక్కు మొదటి నుంచి తీర్చుకోవాలి, మరి.

ఇదంతా పంపకముందు. "సబ్మిట్" నొక్కాక? అయిపోయింది. ఇక బ్రహ్మరాతే. పెట్టినవాడికి దిద్దే హక్కు లేదు. దిద్దే హక్కున్నవాడు ఆ పొలం ముఖం చూడలేదు. సహాయకుడి లాగిన్‌లో కనిపిస్తుంది, మారదు. పై అధికారి లాగిన్‌లో మారుతుంది, కానీ ఆయన వీడియో కాన్ఫరెన్స్‌లో ఉన్నారు. ఆయన వచ్చేసరికి ఎడిట్ గడువు ముగిసింది. గడువు తెరవాలంటే రాజధానికి రాయాలి. రాజధాని ఏమంటుంది? "జిల్లా నుంచి నివేదిక పంపండి" అంటుంది. వర్ణవ్యవస్థ పోయిందన్నదెవరు? లాగిన్ వ్యవస్థగా మారింది, అంతే.

తెలంగాణ రైతుకు ఇది కొత్తగా చెప్పాలా? 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. పాస్‌బుక్కులో తప్పు దిద్దుకోవాలంటే టీఎం-33 అన్నారు. రైతులకు తమ సర్వే నంబరు కంటే ఆ నంబరే బాగా నోటికొచ్చింది. రికార్డు రాసింది ఊళ్లో, తప్పు దొర్లింది ఊళ్లో, దిద్దాల్సింది మాత్రం కలెక్టరు. 2025 ఏప్రిల్ 14న దాని బదులు భూభారతి వచ్చింది. పేరు ఎడిట్ అయింది. సంతోషం.

ఆంధ్రలో ఇంకో ముచ్చట. 2020 డిసెంబరు 21న భూముల రీసర్వే మొదలుపెట్టారు. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు దిగాయి, కొలత సెంటీమీటర్లలో అన్నారు. పనిముట్లు మంచివే, ఎవరూ కాదనరు. కానీ చాలాచోట్ల నలుగురైదుగురి భూముల్ని కలిపి ఒకే కమతంగా, ఒకే ఎల్‌పీఎం నంబరులో పెట్టారు. తాతల నాడు విడిపోయిన అన్నదమ్ముల్ని యాప్ మళ్లీ కలిపింది! హద్దు రాళ్ల మీద ముఖ్యమంత్రి బొమ్మ చెక్కారు. రైతు హద్దుకు రైతు పేరుండదు, ఏలినవారి పేరుంటుంది. తర్వాత సర్కారు మారింది. రాళ్ల మీద బొమ్మ చెరిపే పని పెట్టుకున్నారు కొత్తవాళ్లు. లక్షల రాళ్లు! రాతి మీద బొమ్మను ఎడిట్ చేయడానికి యంత్రాంగం ఉంది, డబ్బుంది, పట్టుదల ఉంది. మ్యాపు మీద చుక్కను అయిదు మీటర్లు జరపడానికి బటనుందా?

బాబాయి చేను 23 మీటర్లు ఎందుకు జరిగిందంటారా? ఎవరూ దొంగిలించలేదు. ఎప్పుడో గొలుసు పట్టి కొలిచారు. గంటర్ గొలుసు, 66 అడుగులు, వంద లింకులు. ఆ కొలతలు ఎఫ్‌ఎంబీ అనే కొలతల పుస్తకాల్లోకి ఎక్కాయి. అక్కడ తెలంగాణలో టిప్పన్లు. కాగితాలు చెదలు తిన్నంత తిన్నాయి, మిగిలినవి స్కాన్ చేశారు. స్కాన్ చేసినదాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచారు. చిన్న దుప్పటి కప్పుకున్నవాడి బాధే. తల కప్పితే కాళ్లు బయట, కాళ్లు కప్పితే తల బయట. చెరువు మూల సరిపోయింది, మా బాబాయి మూల లేచిపోయింది. పరిచినవాడు చల్లటి గదిలో ఉన్నాడు. ఆ లేచిన మూల కింద కుర్రాడు చెమటలు కక్కుతున్నాడు.

1802లో విలియం లాంబ్టన్ అనే ఆయన మద్రాసులో ఏడున్నర మైళ్ల గీత ఒకటి కొలిచాడు. వంద అడుగుల ఉక్కు గొలుసుతో, దాదాపు నాలుగు వందల సార్లు ఎత్తి పెట్టి, 57 రోజులు. మొదటి గీత తప్పితే దేశమంతా తప్పుతుందని ఆయన భయం. మనకు ఆ భయం లేదు. మనకు డాష్‌బోర్డు ఉంది.

డాష్‌బోర్డు! అక్కడ మండలాలు రంగులు మారుతుంటాయి. ఎరుపంటే తిట్లు. పచ్చంటే మరిన్ని టార్గెట్లు. "మీ మండలం 61 శాతం దగ్గరే ఎందుకుంది?" అని అడుగుతారు. 61లో ఎన్ని సముద్రంలో ఉన్నాయని ఎవరైనా అడిగారా? 2024 అక్టోబరులో తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) డిజిటల్ పంట సర్వే ఒక్కరి వల్ల అయ్యే పని కాదని మొరపెట్టుకున్నారు. జవాబుగా ఏమొచ్చింది? సహాయకులా? సస్పెన్షన్లు. దానికి సర్వర్ డౌన్ కాలేదు. సింక్ వెంటనే అయింది.

మోసం ఆపడానికే ఇదంతా అంటారు. నిజమే, మస్టర్లలో దొంగ పేర్లు మనం చూడనివా? అందుకే ఉపాధి హామీ కూలీల హాజరుకు ఎన్‌ఎంఎంఎస్ యాప్ తెచ్చారు. 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు, చోటూ సమయమూ ముద్రపడిన ఫోటో. సిగ్నల్ లేక, ఫోటో ఎక్కక కూలి పోగొట్టుకున్న అమ్మలు లబలబలాడారు. ఎవరు విన్నారు? చివరికి 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఉత్తర్వులో ఒప్పుకుంది. ఫోటోకి ఫోటో తీసి పెడుతున్నారట. పనితో సంబంధం లేని ఫోటోలట. ఒకే ఫోటో రెండు మస్టర్లలోనట. ఫోటోలో మగవాళ్లు, పేరులో ఆడవాళ్లట. మరి మందేమిటి? పంచాయతీల్లో మనుషులు కూర్చుని ఆ ఫోటోలన్నీ కళ్లతో చూసి సరిచూడాలట! మనిషిని నమ్మక యంత్రాన్ని పెట్టారు. ఇప్పుడు యంత్రాన్ని నమ్మక మనిషిని పెట్టారు. దొంగ మాత్రం ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడు. నకిలీ లొకేషన్ చూపించే యాపులు ఊరికే దొరుకుతాయి. టీ కొట్టు దగ్గర కూర్చుని నాలుగూళ్లు తిరిగొచ్చేవాడికి చుక్క ఎప్పుడూ సరిగ్గానే పడుతుంది. బురదలో నిలబడ్డవాడికే 23 మీటర్లు తేడా.

ఇంతకీ మన కుర్రాడు ఏం చేశాడు? గడువు రేపటితో ఆఖరు. నమోదు కాకపోతే బాబాయికి పంట బీమా లేదు, తుపానొస్తే పెట్టుబడి రాయితీ లేదు, అమ్ముకోబోతే కొనేవాడు లేడు. ఫోను ఎటు చూపిస్తే అటు నడిచాడు. పది మీటర్లు... అయిదు... గట్టు దాటాడు. పక్కాయన పత్తి చేలోకి దిగాడు. ఫోను మురిసిపోయింది. "మీరు పొలంలో ఉన్నారు. పంట ఫోటో తీయండి."

చుట్టూ పత్తి. రాయాల్సింది మిర్చి.

కుర్రాడు బాబాయి వంక చూశాడు. బాబాయి కుర్రాడి వంక చూశాడు. ఇద్దరూ గట్టు వంక చూశారు. బాబాయి వెనక్కి వెళ్లి కాయలున్న మిరప కొమ్మ ఒకటి విరుచుకొచ్చాడు.

"ఇంకొంచెం ముందుకు పెట్టు బాబాయ్. పత్తి కనపడకూడదు."

బాబాయి మోకాళ్ల మీద కూర్చుని, పత్తి మొక్కలకు అడ్డంగా, రెండు చేతులతో కొమ్మ పట్టుకున్నాడు. క్లిక్కు. టిక్కు. "విజయవంతంగా నమోదైంది."

కుర్రాడు చెమట తుడుచుకుని ఇంకో చేనికి బండి ఎక్కాడు. బాబాయి గట్టు మీద కూర్చుని ఆ కొమ్మకున్న కాయలు ఒక్కొక్కటే తెంపి కండువాలో మూట కట్టుకుంటున్నాడు.

"పోనీలెద్దూ బాబాయ్, గుప్పెడు కాయలకేంది?" అన్నాను.

"నీకు తెలీదురా. ఆ పక్కోడు మంచోడు కాదు. తన చేలో పండినయ్యి అంటాడు. ఫోటో కూడా ఉందాయె."