తొంభై ఏడు తొంభై ఆర్లు ఎంత?

భద్రాచలం ఏజెన్సీలో లెక్కలు రాని పిల్లలకు ఇక బెంగ లేదట. ఎవరిని కదిపినా ఒకటే సలహా: వేద గణితం నేర్పండి! పూరీ శంకరాచార్యులు భారతీ కృష్ణ తీర్థ చెప్పిన 16 సూత్రాలవి. ఆయన పోయిన ఐదేళ్లకు, 1965లో, పుస్తకమై వచ్చాయి. అథర్వవేద పరిశిష్టంలోవని ఆయన అన్నారు. తెలిసిన పరిశిష్టాల్లో అవి లేవని ఆ పుస్తక సంపాదకుడే ఒప్పుకున్నారు. పోనివ్వండి, వేదంలో లేకపోతేనేం, అట్ట మీద ఉంది కదా!

మహిమ చూడండి. 97ను 96తో హెచ్చవేయాలి. వందకు ఒకటి 3 తక్కువ, ఇంకోటి 4 తక్కువ. 97లోంచి 4 పోతే 93, మూడు నాలుగులు 12. జవాబు 9312. చప్పట్లు!

దుమ్ముగూడెం పిల్లవాడికి ఖర్మకాలి 47ను 36తో హెచ్చవేసే అవసరం పడిందనుకోండి. అదే మంత్రం వేస్తే లోట్లు 53, 64. ముందు ఆ రెండింటినీ హెచ్చవేయాలి. ఆపైన 47లోంచి 64 తీసేయాలి. మామూలు తీసివేతే రాక ఈ క్లాసుకొచ్చినవాడికి రుణ సంఖ్య కొసరు! దానికి వేరే సూత్రం ఉందంటారు. ఉంటుంది. ఏ లెక్కకు ఏ సూత్రమో చెప్పే పదిహేడోదే లేదు.

వేసవిలో అదే పిల్లవాడు తల్లితో తునికాకు కోస్తాడు. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలకు ఒక స్టాండర్డ్ బస్తా. ఆకు కొనే కల్లంలో ఒక్క కట్ట లెక్క తప్పినా ఊరుకోడు. కట్ట విప్పి ఐదాకులు తీయమనండి, తీసివేతలో 'అప్పు' ఎందుకు తెస్తామో వాడే మనకు చెబుతాడు.

అయితే కల్లం లెక్క దానంతటది పలక మీదికి రాదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలను పరీక్షించి 2025లో 'నేచర్'లో రాసింది ఇదే: బేరంలో తడుముకోని పిల్లలు కాగితం మీద తేలిపోయారు. బడిలో నేర్చినవాళ్లు బేరంలో తేలిపోయారు. మధ్యలో ఒక మనిషి కావాలి. ఇక్కడైతే కోయ భాషా తెలిసి, కల్లమూ తెలిసిన టీచరు.

ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. సూత్రాలకు ఆ భయం లేదు. వాటికి పోస్టు మంజూరు చేయక్కర్లేదు, జీతం ఇవ్వక్కర్లేదు, కోయ అంతకన్నా రానక్కర్లేదు. ఖజానాకు ఇంత లాభసాటి తీసివేత ఏ వేదంలోనూ దొరకదు.