నేను చూసిన పాదాలు

నేను తాబేలును. ధర్మవరం ఊరి చివర, శెనక్కాయ చేల మధ్య ఉన్న ఒక కపిల బావిలో చాలా ఏళ్ళు బతికాను. నన్ను అందులో వేసింది ఆ బావి రైతే. బావిలో తాబేలుంటే ఊట తగ్గదని ఆయన నమ్మకం. చిత్రావతి ఇసుకలో దొరికిన నన్ను తువ్వాలులో మూటగట్టి తెచ్చి, ఆఖరి మెట్టు మీద కూర్చుని మెల్లగా నీళ్ళలోకి జార్చాడు. ఆయన నమ్మకాన్ని నేను నిలబెట్టలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

బావి లోతు ఎనిమిది మట్లు. పైన రాతి కట్టడం, కింద తొలిచిన బండ. నేను వచ్చేసరికే ఎద్దులూ బానా తొండమూ పోయి కరెంటు మోటరు వచ్చింది. కపిల రాతి స్తంభాలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. ఎండాకాలం సెలవుల్లో ఊళ్ళో పిల్లలంతా వాటి మీదికెక్కి దూకేవాళ్ళు. ఎవరో ఒకరు దూకినప్పుడల్లా నీళ్ళు గోడ రంధ్రాల్లోని పావురాల గూళ్ళ దాకా ఎగిసేవి.

కిందినుంచి చూసే నాకు మనుషులంటే ముందు పాదాలే. పగుళ్ళు తేలి, బురదతో నల్లబడ్డవి సేద్యగాళ్ళవి. మడమలు మెత్తగా, వేళ్ళు మాత్రం గట్టిగా ఉండేవి మగ్గం వాళ్ళవి. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్ళు దించి తొక్కీ తొక్కీ వచ్చే ఆ కాళ్ళు నీళ్ళలో పడగానే ఎంత హాయిగా సాగేవో! ఆదివారం మధ్యాహ్నం పట్టుకు రంగులద్దే కుర్రాళ్ళు వచ్చేవారు. ఎంత ఈదినా వాళ్ళ గోళ్ళ సందుల్లో ఎరుపు పోయేది కాదు.

రాని పాదాలు కూడా ఉండేవి. ఊరికి అవతల ఉండే పిల్లలు గట్టు దాకా వచ్చి, తొంగి చూసి, పెద్దవాళ్ళ అదిలింపుకు వెనక్కి పోయేవాళ్ళు. వంక పారినప్పుడే వాళ్ళకు ఈత. నీళ్ళకు లేని తేడా గట్టు మీద ఉండేది. ఇది చెప్పకుండా ఆ బావిని పొగడడం నాకు చేతకాదు.

ఈత నేర్పింది ఒక నేతపని మామ. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. నడుముకు నాలుగు బెండ్లు కట్టి, తాడు కొస తన చేతిలో పట్టుకుని మెట్ల మీద నిలబడేవాడు. “కొట్రా అబ్బీ, కాళ్ళు కొట్టు! రెండు గుక్కలు మింగితే ఏం గాదు లే!” అని అరిచేవాడు. రెండు మూడు రోజులకొక బెండు తగ్గించేవాడు. ఆఖరి బెండు తీసే రోజు నాకు ముందే తెలిసేది. ఆయన గొంతు మరీ మామూలుగా ఉండేది. పిల్లవాడు ఎదుటి గోడను తాకి, వగరుస్తూ వెనక్కి తిరిగేవాడు. తన బెండు మామ చేతిలో కనిపించేది. ఆ క్షణంలో వాడి కాళ్ళు ఒక్కసారి ఆగిపోయేవి. నేను భయపడేదాన్ని. మళ్ళీ అవే కదలడం మొదలుపెట్టేవి.

ఈత వచ్చాక బిళ్ళాట. అంచులు వంకీలు తిరిగిన పది పైసల అల్యూమినియం బిళ్ళ పైనుంచి విసిరేవాళ్ళు. అది ఎండకు తళుక్కుమంటూ, ఇటూ అటూ ఊగుతూ దిగేది. అడుగు చేరేలోపు పట్టుకోవాలి. పట్టుకోలేనివన్నీ నా పక్కన బురదలో చేరేవి.

తర్వాత రిగ్గు బండ్లు వచ్చాయి. ఆ మోత చెవికంటే ముందు నా పొట్టకింది బండకు తెలిసింది. మా సీమలో నీళ్ళుండేది బండల పగుళ్ళలో. బావికి అందేవి పైపగుళ్ళు. బోరు అడుగున ఉన్నవాటినీ పీల్చేస్తుంది, పైనీళ్ళనూ కిందికి లాగేస్తుంది. చుట్టూ ఒకటి, రెండు, అయిదు బోర్లు పడ్డాయి. మా రైతు కూడా వేయించాడు. పంట ఎండుతుంటే ఏం చేస్తాడు? మోటరు ఆపిన రాత్రి ఇదివరకు మట్టు నీళ్ళు ఊరేవి, తర్వాత జానెడు, తర్వాత తేమ. 2002 కరువుకు అదీ లేదు. నేను బురదలోకి దూరి పడుకున్నాను. మా జాతి ఎండలు అలాగే గడుపుతుంది. పైన బిళ్ళలు బయటపడ్డాయి, ఏరుకోవడానికి ఎవరూ దిగలేదు. గట్టు మీదినుంచి చెత్త పడడం మొదలైంది.

వానలు కురిసి బురద మెత్తబడ్డాక ఒకడు మెట్లు దిగి వచ్చి నన్ను పైకెత్తాడు. వాడి వేళ్ళు చూసి గుర్తుపట్టాను, గోళ్ళ సందుల్లో ఎరుపు. క్రియాశక్తి ఒడయరు కట్టించాడని చెప్పుకునే మా ఊరి పెద్ద చెరువులో వదిలాడు.

ఇక్కడ నీళ్ళు చాలా ఉన్నాయి. కానీ ఎక్కడ లోతో పైవాళ్ళకు తెలియదు, పట్టుకోవడానికి మెట్టు లేదు, తాడు పట్టే మామ లేడు. నీళ్ళు కనబడితే దూకాలనే కోరిక మాత్రం పిల్లల్లో ఏమీ తగ్గలేదు. చేలల్లో తవ్విన నీటికుంటల దగ్గరికి, రాళ్ళు కొట్టి వదిలేసిన గుంతల దగ్గరికి ఒంటరిగా పోతారు. అందుకే గట్టువారన పాదాలు కనబడితే నేను దగ్గరికి వెళ్ళి చూస్తూ ఉంటాను.

ఈ పొద్దున రెండు జతలు వచ్చాయి. పెద్దవి నాకు తెలిసినవే. చిన్నవి మోకాలి లోతులో ఆగాయి. పైన లారీ ట్యూబు నీడ పడింది. “కొట్రా అబ్బీ,” అన్న మాట నీళ్ళలోంచి వినబడింది. చిన్న మడమలు లేచాయి. వేళ్ళు ఇంకా బురదను పట్టుకునే ఉన్నాయి.